ఇంటింటికీ సెన్సర్లు ఇచ్చే ముందు రాత్రిపూట ఫోన్ ఎత్తే నర్సును పెట్టండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు, ప్రభుత్వ ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారం.

నేను తిరుపతిలోని ఒక పెద్దాస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం మెడికల్ వార్డుల్లోనూ ఐసీయూలోనూ గడిచింది. ఈ మధ్య మన రెండు జిల్లాల్లో ఆరోగ్యం మీద సమావేశం జరిగినా, ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. రోగి ఒంటికి చిన్న వైర్‌లెస్ సెన్సర్ పెట్టి ఇంటికి పంపిస్తే చాలు, గుండె, ఊపిరి, బీపీ, ఆక్సిజన్ అన్నీ ఆస్పత్రిలో కూర్చునే చూడొచ్చంటున్నారు. ఈ పని మన దగ్గర జరగాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. పరికరాలు పంచిపెట్టి, ఫొటోలు తీసుకుని, అంతటితో ఆగిపోతుందేమోనన్న భయం కూడా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నా విన్నపం ఒక్కటే. పరికరాలకు టెండరు పిలవకముందే, అవి పంపే అంకెలను ఎవరు చూస్తారో, అర్ధరాత్రి రెండు గంటలకు ఒక అంకె హద్దు దాటితే రోగి ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారో, ఆ నర్సు అడిగితే ఏ డాక్టరు పలుకుతారో డ్యూటీ చార్టుతో సహా రాసి పెట్టండి. అది రాయడం ఇప్పట్లో కుదరదంటే, కుదిరేదాకా పరికరాలు కొనకండి.

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో తెలియాలంటే గుండె బలహీనపడిన రోగుల సంగతి చెప్పాలి. మా వార్డుకు వాళ్లు ఆయాసంతో, పడుకోలేక, మంచం మీద ముందుకు వంగి కూర్చుని వచ్చేవాళ్లు. నీరు లాగే ఇంజెక్షన్లు ఇస్తే రెండు మూడు రోజుల్లో కాళ్ల వాపు తగ్గేది, ముఖం తేటపడేది. మాత్రల చీటీ రాసి, ఉప్పు తగ్గించమని చెప్పి ఇంటికి పంపేవాళ్లం. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఊళ్లో పెళ్లి వస్తుంది, ఊరగాయ జాడీ ఎదురుగానే ఉంటుంది. నీటి మాత్ర వేసుకుంటే మాటిమాటికీ లేవాల్సి వస్తుందని బస్సెక్కే రోజున మానేస్తారు. ఇరవై రోజుల మాత్రలు అయిపోతే ఒంట్లో బాగానే ఉంది కదా అని కొనరు. నీరు మళ్లీ మెల్లగా చేరుతుంది. మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగితే అది తిండి వల్ల వచ్చిన బరువు కాదని, ఒంట్లో చేరిన నీరని నర్సులందరికీ తెలుసు. ఆ తరవాత చెప్పుల వారు బిగుస్తుంది, ఒక దిండు చాలక రెండు పెట్టుకుంటారు, చివరికి ఒక రాత్రి ఊపిరాడక 108కి ఫోన్ చేస్తారు. బరువు పెరగడం మొదలైన రోజుకూ 108 వచ్చిన రాత్రికీ మధ్య చాలాసార్లు వారం పది రోజుల వ్యవధి ఉంటుంది. ఆ పది రోజుల్లో ఎవరైనా ఒక్క ఫోన్ చేసి “పెద్దాయనా, నీటి మాత్ర ఇంకో సగం వేసుకో, రేపు పొద్దున మీ ఊరి సబ్‌సెంటర్‌కు పోయి బీపీ చూపించుకో” అని డాక్టరు మాటగా చెప్పగలిగితే ఆ రాత్రే ఉండదు.

మన జిల్లాల్లో దూరం సంగతి మీకు తెలియంది కాదు. కుప్పం నుంచి తిరుపతికి నూటయాభై కిలోమీటర్లకు పైనే. రామకుప్పం, వి.కోట వైపు పల్లెల వాళ్లు బెంగళూరో కోలారో పోతారు, చిత్తూరు వాళ్లు వేలూరు పోతారు. సత్యవేడు, నాగలాపురం వైపు వాళ్లకు చెన్నై దగ్గర. ఎర్రావారిపాళెం మండలంలో తలకోన చుట్టుపక్కల ఊళ్ల నుంచి రాత్రిపూట భాకరాపేట ఘాటు దాటి తిరుపతి రావడమంటే రోగికీ, బండి నడిపేవాడికీ టెన్షనే. ఇలాంటి చోట్ల రోగి నెలకోసారి రివ్యూకు రావడం ఒక పనిదినం, ఒక కూలి, ఇద్దరి బస్సు చార్జీలు. రాలేదని వాళ్లను తప్పుపట్టలేం.

కాబట్టి దూరం నుంచి చూసుకోవడం అవసరమే. గుండె రోగులకే కాదు, బీపీ పెరిగే గర్భిణులకూ అవసరం. మన ఊళ్లలో గుర్రపువాతం అని పిలిచే ఫిట్స్ రాకముందే చాలామందిలో బీపీ పెరుగుతుంది. 140/90 దాటితే జాగ్రత్తపడాలి, 160/110కి చేరితే ఆ రోజే ఆస్పత్రికి రావాలి. నెలకోసారి చూసే బీపీకి ఇది దొరక్కపోవచ్చు. కట్టెల పొయ్యి ముందు, బీడీల పొగలో ఊపిరితిత్తులు పాడైనవాళ్లకూ ఇంటి దగ్గర ఆక్సిజన్ చూసుకోవడం మేలు చేస్తుంది.

ఇక పరికరాల సంగతి. నాకు తెలిసింది నర్సుకు తెలిసేంతే, కానీ ఇంజనీరింగ్ పిల్లలు ఓపిగ్గా చెప్పిన విషయాలు కొన్ని కలిపి రాస్తున్నాను. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్‌ను కరోనా రోజుల్లో పల్లెల్లో కూడా అందరూ చూశారు, 94 కంటే తగ్గితే ఆస్పత్రికి పోవాలన్నది ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చెప్పారు. ఆ క్లిప్పులో రెండు వెలుగులు ఉంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది కంటికి కనబడని 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్. ఆక్సిజన్ నిండిన రక్తం ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది, ఆక్సిజన్ లేని రక్తం ఎరుపును ఎక్కువ పీల్చుకుంటుంది. వేలి అవతల ఏ వెలుగు ఎంత మిగిలిందో లెక్కగట్టి అంకె చూపిస్తుంది. ఛాతీకి అంటించే ఈసీజీ పట్టీ గుండె పుట్టించే చిన్న విద్యుత్తును పట్టుకుంటుంది. బీపీ మిషన్, బరువు చూసే మిషన్ కూడా ఇప్పుడు వైర్‌లెస్‌వి దొరుకుతున్నాయి. ఇవన్నీ బ్లూటూత్ ద్వారా దగ్గర్లోని ఫోన్‌కో చిన్న పెట్టెకో అంకెలు పంపితే, అక్కణ్నుంచి సిమ్ కార్డు మీద ఆస్పత్రికి చేరతాయి.

వినడానికి సులువుగా ఉంది. పల్లెలో ఎక్కడెక్కడ తెగుతుందో చూడండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద. వాటిని నీరు పీల్చేస్తుంది, మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. పట్టీ ఛాతీ మీద ఉండి, ఫోన్ వెనక జేబులో ఉంటే మధ్యలో ఒళ్లే అడ్డం. రోగి పొలంలో ఉండి ఫోన్ ఇంట్లో చార్జింగులో ఉంటే అంకె ఎక్కడికీ పోదు. అసలు ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది? స్మార్ట్‌ఫోన్ బెంగళూరులో పని చేసుకునే కొడుకు దగ్గర ఉంటుంది, ఇంట్లో ముసలామె దగ్గర ఉండేది బటన్ల ఫోన్. రోగికి స్మార్ట్‌ఫోన్ ఉందని లెక్కేసుకుని తయారుచేసిన ఏ పద్ధతీ ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకు చేరదు. అందువల్ల ఫోన్‌తో పని లేకుండా సొంత సిమ్ ఉన్న చిన్న పెట్టెను పరికరంతో పాటే ఇవ్వాలి. సిగ్నల్ లేనప్పుడు, కరెంటు పోయినప్పుడు అంకెలను తనలో దాచుకుని, సిగ్నల్ రాగానే పంపే ఏర్పాటు అందులో ఉండాలి.

కొండల మధ్య ఊళ్లకు ఇంకో దారి ఉంది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలు వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ తరంగాల మీద లోరా అనే పద్ధతిలో, కొద్ది కరెంటుతో, కొన్ని కిలోమీటర్ల దూరం చిన్న చిన్న సందేశాలు పంపొచ్చు. సచివాలయం మేడ మీద ఒక యాంటెన్నా పెడితే చుట్టూ ఉన్న పల్లెల బీపీ, బరువు, ఆక్సిజన్ అంకెలు దానికి అందుతాయి. ఈసీజీ బొమ్మకు అది చాలదు, కానీ మనకు ముందు కావలసింది బరువు, బీపీలే. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, గాదంకిలో ఆకాశంలోని గాలులను రాడార్‌తో కొలిచే జాతీయ ప్రయోగశాల ఉంది. ఇంత రేడియో పరిజ్ఞానం మన ఇంటి ముందే పెట్టుకుని, ఈ చిన్న పని కోసం ఎక్కడో ఉన్న కంపెనీ దయ కోసం చూడాల్సిన అవసరం లేదు.

రోజంతా ఆపకుండా గుండెను చూపించే పట్టీల మీద అందరికీ మోజు ఎక్కువ. నా అభిప్రాయంలో మన రోగుల్లో చాలామందికి అది అక్కర్లేదు. పొద్దున లేచి ఒంటికి పోయివచ్చాక, టిఫిన్ తినకముందు ఒకసారి బరువు, పొద్దునా సాయంత్రం బీపీ, నాడి, ఆక్సిజన్. ఇంత చాలు. గుండె దడ, కళ్లు తిరగడం ఉండి నాడి లయ తప్పుతోందని అనుమానం ఉన్నవాళ్లకు మాత్రం కొన్ని రోజులు పట్టీ పెట్టండి. చిత్తూరు ఎండలకు చెమట పట్టి ఆ పట్టీ ఊడిపోతుంది, కొందరికి చర్మం ఎర్రబడి దురద పుడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి పెట్టి చూడకుండా వందల్లో కొనొద్దు.

అంకె తప్పు చూపించే సందర్భాలు కూడా మీరు లెక్కలో పెట్టుకోవాలి. చేతులు చల్లబడితే, గోళ్ల రంగు ఉంటే, వేలు కదిలితే ఆక్సిమీటర్ అంకె నమ్మలేం. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఈ పరికరం ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోందని 2020లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. ఆక్సిజన్ నిజంగా తగ్గినా పరికరం బాగుందని చూపించడం తెల్లవాళ్లలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఎండలో పనిచేసే మన రైతుల, కూలీల వేళ్ల మీద ఈ పరికరాలను పరీక్షించారా అని అమ్మేవాళ్లను మొదటే అడగాలి. బీపీ పట్టీ సన్నటి చేతికి వదులుగా ఉంటే ఒక అంకె, లావు చేతికి బిగుసుకుంటే ఇంకో అంకె. బరువు మిషన్‌ను ఎగుడుదిగుడు బండల మీద పెడితే రోజుకో బరువు. చేతి గడియారాల్లో వచ్చే బీపీని చూసి మాత్ర మార్చే పని మాత్రం ఎవరూ చేయకూడదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. పరికరం మంచిది ఎంచుకోవచ్చు, వాడటం నేర్పించవచ్చు. సర్దుకోవడానికి కుదరని లోటు ఒక్కటే, అవతల మనిషి లేకపోవడం.

మా బంధువుల్లో ఒక పెద్దాయనను ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు డిశ్చార్జి చేస్తూ ఛాతీకి పట్టీ పెట్టి పంపారు. దానికి విడిగా డబ్బు కూడా కట్టించుకున్నారు. ఇంట్లో అందరికీ ధైర్యం వచ్చింది, ఇక ఆస్పత్రి వాళ్లే చూసుకుంటున్నారని. నాలుగో రోజు రాత్రి ఆయన నాడి లయ తప్పింది. దడగా ఉందని ఆయన చెప్పినా, పట్టీ ఉంది కదా, ఏమన్నా ఉంటే వాళ్లే ఫోన్ చేస్తారని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు. ఎవరూ ఫోన్ చేయలేదు. పట్టీ తీసేశాక రిపోర్టు వచ్చింది, అందులో ఆ రాత్రి గీత స్పష్టంగా ఉంది. ఆ పట్టీ తన పని తాను చేసింది. ఆ గీతను ఆ రాత్రి చూడవలసిన కుర్చీలో మనిషి లేడు. ఆయన బతికి బాగానే ఉన్నారు. పట్టీ లేకపోయుంటే ఇంట్లోవాళ్లు ఆ రాత్రే కారు మాట్లాడుకుని బయలుదేరేవాళ్లు. దీన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. ఎవరూ చూడని సెన్సర్ ఊరకే ఉండదు, ఇంటివాళ్ల సొంత జాగ్రత్తను కూడా నిద్రపుచ్చుతుంది.

ఒక పల్లెలో ఉచితంగా పంచిన బీపీ మిషన్లు బీరువాల్లో చూశాను. ఎందుకు వాడటం లేదని అడిగితే ఒకామె చెప్పిన మాట: “మొదట్లో రోజూ పెట్టుకుంటా ఉంటినమ్మా. ఎవురూ ఫోన్ చెయ్యలా, ఏమీ చెప్పలా. ఇంక ఎవురికోసం పెట్టుకునేది?”

ఇది మన పల్లె మనుషుల మాట మాత్రమే అనుకోకండి. పెద్ద దేశాల్లో వేలమంది రోగులతో చేసిన పరిశోధనలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి. అమెరికాలో గుండె బలహీనత ఉన్న 1653 మందిని తీసుకుని, సగం మందిని రోజూ ఒక ఆటోమేటిక్ ఫోన్ లైనుకు బరువు, లక్షణాలు చెప్పమన్నారు. ఆ వివరాలను ఆస్పత్రి సిబ్బంది పనిదినాల్లో చూసేవాళ్లు, శని ఆదివారాలు, సెలవు రోజుల్లో చూసేవాళ్లు కాదు. ఆరు నెలల తరవాత 2010లో ఫలితం ప్రకటించారు. మళ్లీ ఆస్పత్రిలో చేరడంలో గానీ, మరణాల్లో గానీ తేడా రాలేదు. రోగుల్లో నూటికి పద్నాలుగు మంది ఆ లైనుకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు, చివరి వారానికి వచ్చేసరికి వారానికి కనీసం మూడుసార్లు చేసేవాళ్లు సగానికి కాస్త పైనే మిగిలారు.

2018లో జర్మనీ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. అక్కడ 1571 మంది రోగులు. సగం మంది ఇంట్లో బరువు మిషన్, బీపీ మిషన్, ఈసీజీ, ఆక్సిమీటర్ పెట్టారు, అంకెలు రోజూ బెర్లిన్‌లోని ఒక కేంద్రానికి చేరేవి. ఆ కేంద్రంలో డాక్టర్లు, నర్సులు ఇరవై నాలుగు గంటలూ ఉండేవాళ్లు. అంకె మారితే వాళ్లే రోగికి ఫోన్ చేసి, మందు మార్చి, ఆయన ఊరి డాక్టరుతో మాట్లాడేవాళ్లు. నర్సులు నెలకోసారి మామూలుగా కూడా ఫోన్ చేసి పలకరించేవాళ్లు. ఈ ఏర్పాటు లేనివాళ్లలో ఏడాదికి నూటికి పదకొండు మందికి పైగా చనిపోతే, ఉన్నవాళ్లలో ఎనిమిది మందికి లోపే చనిపోయారు. రెండు పరిశోధనల్లో రోగులూ, పరికరాలూ, మందులూ వేరువేరు. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చదివిన నర్సుగా నాకు మొదట కళ్లకు కట్టే తేడా ఆ ఇరవై నాలుగు గంటల కుర్చీయే.

ఆ కుర్చీలో కూర్చునేవాళ్ల కష్టం కూడా రాయాలి. ఐసీయూలో మానిటర్లు రోజంతా మోగుతూనే ఉంటాయి. రోగి పక్కకు తిరిగినా మోగుతుంది, వేలి క్లిప్పు జారినా మోగుతుంది, ఛాతీ మీది స్టిక్కరు ఎండిపోయినా మోగుతుంది. నిజంగా ప్రమాదం ఉన్న మోత అందులో చిన్న వాటా. కొత్తగా వచ్చిన నర్సు మొదటి వారం ప్రతి మోతకూ పరుగెత్తుతుంది. కొన్నాళ్లకు చెవి అలవాటు పడుతుంది, అదే ప్రమాదం. పది మంచాల దగ్గరే ఇలా ఉంటే, వెయ్యి ఇళ్ల నుంచి వచ్చే అంకెలకు ఒకే రకం హద్దు పెడితే ఆ డెస్క్ రెండు వారాల్లో చేతులెత్తేస్తుంది. ఎవరి హద్దు వాళ్లదే అవ్వాలి. మామూలు మనిషికి ఆక్సిజన్ 90 అంటే కంగారుపడాలి, బీడీలతో ఊపిరితిత్తులు పాడైన కొందరికి డాక్టర్లు పెట్టే లక్ష్యమే 88 నుంచి 92. ఒకాయన మామూలు నాడి 58, ఇంకొకామెది 96. డిశ్చార్జి చీటీ మీద మందులు రాసిన డాక్టరే, ఆ రోగికి ఏ అంకె దాటితే నర్సు ఫోన్ చేయాలో, ఏ అంకె దాటితే 108 పంపాలో అదే చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. ఒక్క అంకె కంటే మూడు రోజులుగా అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది ముఖ్యమని ఆ చీటీలో ఉండాలి. నర్సుకు ఫోన్ మీద నీటి మాత్ర సగం పెంచే అధికారం ఎంతవరకు ఉందో కూడా అందులోనే ఉండాలి. లేదంటే ప్రతి చిన్న దానికీ “రేపు ఓపీకి రండి” అని చెప్పి నర్సు తన ఉద్యోగం కాపాడుకుంటుంది. అందులో ఆమెను తప్పుపట్టడానికి లేదు.

ఈ పనిని ఆశా కార్యకర్తల నెత్తిన, ఏఎన్‌ఎంల నెత్తిన పెట్టకండి. వాళ్ల ఫోన్లలో ఇప్పటికే ఉన్న యాప్‌లతోనే పొద్దుపోతోంది. రోగి ఇంటికి వెళ్లి బరువు మిషన్ సరిగ్గా పెట్టారా, బీపీ పట్టీ సరిగ్గా చుట్టుకున్నారా అని చూడటానికి, ఫోన్‌కు పలకనివాళ్ల తలుపు తట్టడానికి వాళ్లు కావాలి, ఆ పనికి విడిగా పారితోషికం ఇవ్వాలి. అంకెలు చూసే పని మాత్రం అదే డ్యూటీగా పెట్టిన నర్సులది. తిరుపతి రుయా ఆస్పత్రిలోనో చిత్తూరు జిల్లా ఆస్పత్రిలోనో ఒక గది, మూడు షిఫ్టులు, ప్రతి షిఫ్టుకూ పేరు రాసిన ఒక డాక్టరు. వార్డు డ్యూటీలో ఉన్న నర్సునే ఇది కూడా చూడమంటే ఆమె ముందు మంచం మీది రోగినే చూస్తుంది, చూడాలి కూడా.

ఆ గదిలో తెలుగు ఒక్కటే చాలదు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఎన్నో ఇళ్లలో మాట్లాడుకునేది తమిళం. కుప్పం, పలమనేరు సరిహద్దు ఊళ్లలో కన్నడం వినిపిస్తుంది, పలమనేరు, పుంగనూరుల్లో ఉర్దూ. అర్ధరాత్రి భయపడిన మనిషికి తన ఇంటి భాషలో జవాబు కావాలి. మన ఆస్పత్రుల్లో ఈ భాషలన్నీ వచ్చిన నర్సులు ఉన్నారు, నాతో పనిచేశారు. వెతికితే దొరుకుతారు.

మనం సున్నా నుంచి మొదలుపెట్టడం లేదన్న సంగతి కూడా గుర్తుచేస్తున్నాను. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని అరగొండలో ఉపగ్రహం ద్వారా టెలిమెడిసిన్ 2000 సంవత్సరంలోనే మొదలైంది, దాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. ఒక పల్లె ఆస్పత్రి నుంచి పట్నం డాక్టరుకు రోగిని చూపించవచ్చని దేశానికి చూపించిన నేల ఇది. ఈ-సంజీవని వచ్చాక మన రాష్ట్రంలోని పల్లె క్లినిక్‌ల నుంచి డాక్టర్లతో వీడియోలో మాట్లాడటం మామూలైంది. గుండెపోటు వచ్చినవాళ్లకు దగ్గర్లోని ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, ఆ బొమ్మను పెద్దాస్పత్రి గుండె డాక్టరుకు పంపి, గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇచ్చే పద్ధతి మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో నడుస్తోంది. అది ప్రాణాలు నిలబెడుతున్నదంటే కారణం, ఈసీజీ పంపగానే అవతల చూసి ఇంజెక్షన్ ఇవ్వమని చెప్పే డాక్టరు డ్యూటీలో ఉండటమే. 2025లో కుప్పంలో ఆరోగ్య సేవలను డిజిటల్‌గా కలిపే డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది. ఇంటి సెన్సర్లను వీటితో కలపండి, వీటికి పక్కన ఇంకో కొత్త పేరు పెట్టి ఇంకో కొత్త యాప్ తేకండి.

రోగుల సమాచారం గురించి కొద్దిగా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, మనిషి వివరాలు తీసుకునే ముందు దేనికి తీసుకుంటున్నారో చెప్పి అనుమతి అడగాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు రోగికి ఉంది. ఆస్పత్రుల్లో సంతకాలు ఎలా తీసుకుంటామో నాకు తెలుసు. కాగితాల కట్ట మీద ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు చూపిస్తాం. సెన్సర్ ఇచ్చేటప్పుడు అలా చేయవద్దు. ఈ అంకెలు ఎవరు చూస్తారో, బీమా కంపెనీకి పోవని, అమ్ముకోరని చదివి వినిపించాలి. టెండరులో ఇంకో షరతు ఉండాలి. కంపెనీ మూతపడినా, ఒప్పందం అయిపోయినా రోగుల అంకెలన్నీ ఆస్పత్రి దగ్గరే, వేరే పరికరం కూడా చదవగలిగే రూపంలో, ఆ రోగి ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరుకు కలిపి ఉండాలి.

డబ్బు విషయంలో కొనుగోలు ధర ఒక్కటే చూడకండి. బ్యాటరీలు, బీపీ పట్టీలు, ఛాతీ పట్టీలు, సిమ్‌ల రీచార్జి, ఏడాదికోసారి మిషన్లు సరిచూడటం, పాడైతే ఎన్ని రోజుల్లో మారుస్తారు అన్నవి ఒప్పందంలో ఉండాలి. నర్సుల జీతాలు ఐదేళ్లకు లెక్కగట్టాలి. గుండె బలహీనత రోగులను ఇంటి దగ్గర గమనించడానికి ఎన్టీఆర్ వైద్య సేవ కింద చెల్లింపు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వానికి మీరు రాయండి. జర్మనీలో ఆ ఫలితం వచ్చిన రెండేళ్లకే, 2020 డిసెంబరులో, ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈ ఖర్చు భరించాలని నిర్ణయించారు.

మొదలుపెట్టడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. గుండె బలహీనతతో ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి డిశ్చార్జి అయ్యేవాళ్లను మాత్రమే తీసుకోండి. చిత్తూరు జిల్లాలో కుప్పం వైపు మండలాలు, తిరుపతి జిల్లాలో భాకరాపేట ఘాటు అవతలి మండలాలు చాలు. ప్రతి రోగికీ ఒక బరువు మిషన్, ఒక బీపీ మిషన్, సిమ్ ఉన్న పెట్టె. ఆరు నెలలు నడిపి, ప్రతి నెలా ఈ లెక్కలు ఆస్పత్రి నోటీసు బోర్డు మీదా, జిల్లా వెబ్‌సైట్‌లోనూ తెలుగులో పెట్టండి: ఎన్నిసార్లు అంకె హద్దు దాటింది, ఎన్నిసార్లు నర్సు ఫోన్ చేసింది, ఎన్ని నిమిషాల్లో చేసింది, రాత్రి పది నుంచి పొద్దున ఆరు మధ్య ఎన్నింటికి జవాబు దొరకలేదు, ఎంతమంది మళ్లీ ఆస్పత్రిలో చేరారు, ఎంతమంది పరికరం వాడటం మానేశారు. ఎన్ని పరికరాలు పంచారన్న లెక్క చివర్లో పెట్టినా ఫరవాలేదు.

ఆ డెస్క్ నర్సులకు శిక్షణ ఇవ్వడానికి నేను వస్తాను. ఫోన్ మీద ఆయాసాన్ని ఎలా గుర్తుపట్టాలి, రోగి మాట మధ్యలో ఊపిరి కోసం ఎక్కడ ఆగుతున్నాడో ఎలా వినాలి, భయపెట్టకుండా 108 ఎక్కమని ఎలా చెప్పాలి అన్నవి వార్డుల్లో పనిచేసి రిటైరైన మాలాంటి వాళ్లకు బాగా తెలుసు. తిరుపతిలో, చిత్తూరులో ఇలాంటి సీనియర్ నర్సులు చాలామంది ఉన్నారు, పిలిస్తే వస్తారు. జిల్లా ఆరోగ్య సమావేశంలో ఈ విషయాన్ని అజెండాలో పెట్టి, ఆ తేదీ మాకు తెలియజేయమని కోరుతున్నాను. డ్యూటీ చార్టు నమూనా ఒకటి రాసి ఉంచాను, ఆ రోజు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
రిటైరైన హెడ్ నర్సు,
తిరుపతి